నోరా మేచిన్ పార్ట్ టైము

నోరా మేచిన్ పందొమ్మిదేళ్ళుగా పార్ట్ టైము. ఆ సంగతి ఆమె కార్డు చూస్తే తెలిసేది. బర్స్‌లెమ్ అనే ఇంగ్లీషు ఊళ్ళో ఆమె పనిచేసే పింగాణీ ఫ్యాక్టరీ గేటు పక్కన గోడకి, వచ్చే పోయే వేళలు కార్డు మీద గుద్దే గడియారం, దాని కింద కార్డుల అర ఉండేవి. తెల్ల కార్డులు ఫుల్ టైము వాళ్ళవి, ఆకుపచ్చ కార్డులు పార్ట్ టైము వాళ్ళవి. మనిషిని చూస్తే మాత్రం ఆ తేడా తెలిసేది కాదు. పొద్దున తొమ్మిదికి వచ్చి తిరుగుడు పీట ముందు కూర్చుంటే, సాయంత్రం నాలుగున్నర దాకా కప్పు మీద కప్పు, సాసరు మీద సాసరు, అంచులకి బంగారు గీత వేస్తూనే ఉండేది. మధ్యలో అరగంట భోజనం. వారానికి ముప్పై అయిదు గంటలు.

గీత వేయడమంటే చెప్పినంత తేలిక కాదు. ఎడమచేత్తో పీట తిప్పాలి, కుడిచేతిలో కుంచె కదలకూడదు. కప్పు ఒక్క చుట్టు తిరిగేసరికి గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి. అంతసేపూ ఊపిరి బిగబట్టాలి. బట్టీలోకి వెళ్ళేముందు ఆ బంగారం బంగారంలా కూడా ఉండదు. ముదిరిన పాకంలా నల్లగా, జిగటగా ఉండి కంపు కొడుతుంది. కుంచె తుడిచిన గుడ్డపీలికల్లోనూ బంగారం ఉంటుంది కాబట్టి సాయంత్రం వాటిని పోగుచేసి తాళం వేసిన డబ్బాలో పెట్టేవారు. అంత జాగ్రత్త గల యాజమాన్యం అది.

1962లో నోరా పనిలో చేరేటప్పటికి కూతురు జీన్‌కి అయిదేళ్ళు. ఫ్యాక్టరీ గంట ఎనిమిదింటికి, బడి గంట తొమ్మిదికి. పిల్లని బడి గేటు దగ్గర వదిలి తొమ్మిదికి వస్తానని నోరా అడిగితే, అప్పటి మేనేజరు పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నాడు. ఆ పెద్దమనసుకి గుర్తుగా ఆకుపచ్చ కార్డు రాయించాడు. జీన్ పెరిగింది, పెళ్ళి చేసుకుంది, పక్క ఊరు హ్యాన్లీలో జుట్టు కత్తిరించే దుకాణం పెట్టుకుంది. కార్డు ఆకుపచ్చగానే ఉండిపోయింది. బడికెళ్ళే పిల్ల లేకపోయినా ఆ గంట ఖాళీ కాలేదు మరి. పక్క వీధిలో అత్తగారు మంచం పట్టింది. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి పొయ్యి వెలిగించి, ఆవిడ చేత టీ తాగించి, మందులు మింగించి, పక్కదుప్పటి మార్చి రావాలి. ఆవిడకి కొడుకు లేకపోలేదు. కానీ కొడుకు లెన్ మేచిన్ ఫుల్ టైము మనిషి.

లెన్ అదే ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసేవాడు. కప్పులూ ప్లేట్లూ పేర్చిన బండ్లని బట్టీలోకి ఎక్కించే పని. నడుం విరిగే పని, అందులో అబద్ధం లేదు. అయితే ఆ ఇరవై ఇద్దరు మగవాళ్ళకీ వాళ్ళ తాతల నాటి నుంచి ఒక ఆనవాయితీ ఉంది: రోజుకి ఇన్ని బండ్లని లెక్క, ఆ బండ్లు లోపలికి వెళ్ళిపోతే మనిషి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాగితం మీద వాళ్ళ పని పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. నిజానికి పన్నెండున్నరకి గేటు దాటేవారు. సాయంత్రం కాపలావాడు వాళ్ళ కార్డులన్నీ ఒకేసారి గడియారంలో గుద్దేవాడు. ఫ్యాక్టరీలో ఇది తెలియనివాళ్ళు లేరు. గేటు ఎదురుగానే మేనేజరు గది కిటికీ. సరిగ్గా పన్నెండున్నరకి ఆయన తెర దించుకునేవాడు. ఎండ పడుతోందట. ఎప్పుడూ మబ్బూ పొగా కమ్మి ఉండే బర్స్‌లెమ్‌లో.

వారానికి ఇరవై ఏడున్నర గంటలు చేసే లెన్ ఫుల్ టైము, ముప్పై అయిదు గంటలు చేసే నోరా పార్ట్ టైము. పందొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఈ విషయం మీద ఒక్కసారి కూడా మాట రాలేదు. లెన్ ఒంటిగంటకి ఇంటికి వచ్చి, పావురాలకి గింజలు వేసి, కుర్చీలో కునుకు తీసేవాడు. నోరా అయిదింటికి వచ్చి వంట మొదలుపెట్టేది. పూర్తి పని చేసినవాడు అలిసిపోడా అనుకునేది. నిజంగానే అనుకునేది.

1981 మార్చిలో ఒక సోమవారం నోటీసు బోర్డుకి కాగితం అంటించారు. ఆర్డర్లు పడిపోయాయి, నలభై మందిని తీసేయక తప్పదు, యూనియనుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ముందు పార్ట్ టైము వాళ్ళని, చాలకపోతే ఆఖరున చేరినవాళ్ళని. కింద పేర్లు. చాలకపోవడమన్నది రాలేదు. ఆకుపచ్చ కార్డులు సరిగ్గా నలభై ఉన్నాయి, నలభై మందీ ఆడవాళ్ళే. యాజమాన్యానికి నలభై అన్న అంకె ఎలా తట్టిందో అప్పుడు అర్థమైంది. నోరా పేరు పదకొండోది. నెలాఖరే పనికి ఆఖరి రోజు.

ఆమె ఏడవలేదు. భోజనం గంటలో యూనియను నాయకుడు విల్ఫ్ బ్లూర్ దగ్గరికి వెళ్ళింది. విల్ఫ్ అచ్చులు పోసే గదిలో పనిచేసేవాడు, నిలువెల్లా సున్నపు పొడితో తెల్లగా ఉండేవాడు. చెడ్డవాడు కాదు. యూనియను కోసం రెండుసార్లు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు.

"ఏం చేయమంటావు నోరా తల్లీ? ఒప్పందం అది. మనమే చేసుకున్నాం. చేతులెత్తి ఒప్పుకున్నాం."

"ఎవరెత్తారు?"

"సభ్యులందరూ."

"నేనూ సభ్యురాలినేగా. చందా ఠంచనుగా కోసుకుంటున్నారుగా. అప్పుడు నా చెయ్యి ఎక్కడుంది?"

"మీటింగుకి రావాలమ్మా మరి. అప్పుడు రాకుండా ఇప్పుడొచ్చి అడిగితే ఎలా?"

"ఎప్పుడు పెట్టారు మీటింగు?"

విల్ఫ్ వేలు తడి చేసుకుని పుస్తకం తిరగేశాడు. "అక్టోబరు ఎనిమిది. బుధవారం. మధ్యాహ్నం రెండింటికి. పబ్బు మేడ మీద."

"బుధవారం రెండింటికి నేను పనిలో ఉంటాను, విల్ఫ్."

"అదే మరి! పార్ట్ టైము వాళ్ళతో వచ్చిన చిక్కంతా అదే. మీటింగులకి దొరికి చావరు."

 ఆ మాట అనేశాక, ఎక్కడో తేడా కొడుతోందని విల్ఫ్‌కీ అనిపించింది. అది ఎక్కడో మాత్రం అంతు పట్టలేదు. పుస్తకం మూసేశాడు.

"వచ్చే వారం బుధవారం ఇంకో మీటింగుంది," అన్నాడు. "కాగితం రాసివ్వు, చదువుతాను."

"ఎన్నింటికి?"

విల్ఫ్ ఆమె వైపు చూడలేదు. "రెండింటికి."

ఆ సాయంత్రం పని దిగాక నోరా మేనేజరు ఎథరిజ్‌ని కలిసింది. పార్ట్ టైము అంటే ఏమిటో తెలుసుకుందామని అడిగింది. పందొమ్మిదేళ్ళుగా తను అదేననీ, ఎప్పుడూ అడగాలని తోచలేదనీ చెప్పింది.

"ఆకుపచ్చ కార్డున్నవాళ్ళు మిసెస్ మేచిన్," అన్నాడు ఎథరిజ్ మర్యాదగా.

"ఆకుపచ్చ కార్డు ఎవరికిస్తారు సార్?"

"పార్ట్ టైము వాళ్ళకి."

నోరా కృతజ్ఞతలు చెప్పి వచ్చేసింది. మర్నాడు భోజనం మానుకుని ఊరి గ్రంథాలయానికి వెళ్ళి, అద్దాల బీరువాలో ఉండే లావుపాటి నిఘంటువు తీయించింది. మామూలు పనిగంటల్లో కొంత భాగం మాత్రమే పనిచేసేవారు అని ఉంది. ఆ వాక్యాన్ని అక్కడే పడి ఉన్న చీటీ మీద రాసుకుంది. ఎవరి మామూలో అందులో రాయలేదు. అది రాయడం నిఘంటువుల పని కాదు. ఆ మామూలు నిర్ణయించేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళు నిఘంటువులు రాయరు, ఒప్పందాలు రాస్తారు.

పక్క పీట మీద కూర్చునే బెరిల్ ఆ చీటీ చదివింది. బెరిల్‌కి పాతికేళ్ళు, పనిలో చేరి రెండేళ్ళు, తెల్ల కార్డు. కుంచె పట్టడం నేర్పింది నోరాయే. మొదటి నెలంతా బెరిల్ వేసిన గీతలు వర్షంలో తడిసిన దారంలా ఉండేవి. ఇప్పుడు బాగానే వేస్తోంది, నోరా అంత కాకపోయినా.

"అయితే ఏమని రాసిస్తావు విల్ఫ్‌కి?" అంది బెరిల్, పీట తిప్పుతూనే.

"పార్ట్ టైము వాళ్ళే ముందన్న ముక్క కొట్టేయమని. అందరికీ ఒకటే పద్ధతి. ఆఖరున చేరినవాళ్ళు ముందు పోవాలని."

బెరిల్ ఆ కప్పుని చివరి దాకా తిప్పింది. గీత కలిపింది, కప్పు పక్కన పెట్టింది.

"ఆఖరున చేరినవాళ్ళంటే నేనే కదా."

"నువ్వొక్కదానివే కాదులే."

"అబ్బ, ఎంత ఊరట! నేర్పిందీ నువ్వే, పంపించేదీ నువ్వేనన్నమాట. మా అమ్మ కూడా నన్ను ఇంత సాఫీగా సాగనంపలేదు."

"నేను పోతే నీకు బాగుంటుందా?"

"నేను పోతే నీకు బాగుంటుందా?" అని బెరిల్ అదే మాట తిప్పి అడిగింది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

 ఆ వారమంతా నోరా దగ్గర ఆ తీర్మానం రాసిన కాగితం మడత పెట్టి ఉంది, ఇవ్వడానికి చేయి రాలేదు. అది నెగ్గితే తన ఉద్యోగం నిలుస్తుంది. అది నెగ్గితే బెరిల్ ఉద్యోగం పోతుంది. నలభై మాత్రం నలభైగానే ఉంటుంది. ఎవరు పోవాలో వీళ్ళు తేల్చుకుంటూ ఉంటే, నలభై ఎందుకో చెప్పాల్సినవాళ్ళు హాయిగా కిటికీ తెర దించుకుని కూర్చుంటారు.

ఆదివారం పొద్దున లెన్ వీధి మలుపులోని దుకాణం నుంచి ఓట్సు పిండి అట్లు డజను తెచ్చాడు. నోరా వాటి మీద చీజ్ చల్లి, పంది మాంసం ముక్కలు పెట్టి, చుట్టి, పెనం మీద వేసింది. రెండో అట్టు తింటుండగా లెన్ నోరు విప్పాడు.

"ఏదో రాస్తున్నావట విల్ఫ్‌కి. మావాళ్ళు అడుగుతున్నారు. బట్టీ సంగతి ఎత్తవు కదా?"

"ఏ బట్టీ సంగతి?"

"అదే. మేం తొందరగా వచ్చేస్తామని."

"తొందరగా వస్తున్నారా? మీరు ఫుల్ టైము కదా."

"వేళాకోళం ఆపు నోరా. మా నాన్న హయాం నుంచీ ఉన్నదది. బండ్లు అయిపోతే మనిషి పోవచ్చు. ఒకసారి కాగితం మీదకి ఎక్కిందంటే ఎథరిజ్ చూసీ చూడనట్టు ఊరుకోలేడు. ఇరవై ఇద్దరి నోట్లో మట్టి కొట్టినదానివవుతావు."

"ఎవరి నోట్లోనూ మట్టి కొట్టను. అదొక్కటే మనవాళ్ళు గెలుచుకున్న మంచి పద్ధతి ఆ ఫ్యాక్టరీలో. నాకూ ఉంటే బాగుండేది." పెనం మీది అట్టు తిరగేసింది. "ఒకటి చెప్పు. అక్టోబరులో నువ్వు చెయ్యెత్తావా?"

లెన్ టీ తాగాడు. టీ తాగడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువ సేపు తాగాడు.

"ఎత్తాను."

"పార్ట్ టైము వాళ్ళు ముందు పోవాలని."

"పార్ట్ టైము అంటే సాయంత్రాలు నేల కడగడానికి వచ్చే ముసలమ్మలనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం. నువ్వు గుర్తు రాలేదు."

"మరి నేనేమిటనుకున్నావు?"

"ఏమిటనుకుంటాను? నువ్వు రోజంతా పనిలోనే ఉంటావుగా!"

ఆ మాట బల్ల మీద అలా పడి ఉంది. ఇద్దరూ దాన్ని చూస్తూ తిన్నారు. లెన్ అబద్ధం చెప్పలేదు. ఇరవై ఇద్దరు బట్టీవాళ్ళలో పద్నాలుగు మంది పెళ్ళాలు అదే ఫ్యాక్టరీలో ఆకుపచ్చ కార్డు మీద ఉన్నారు. ఆ పద్నాలుగు మంది మొగుళ్ళూ పబ్బు మేడ మీద కూర్చుని, చేతులెత్తి, సొంత పెళ్ళాలని పనిలోంచి తీసేయడానికి సంతకం పెట్టి, సంతోషంగా కిందికి దిగారు. మోసం కాదు. గుర్తు రాలేదు, అంతే.

"బొగ్గు సమ్మె చలికాలం గుర్తుందా?" అంది నోరా. "ఏడేళ్ళయింది."

"కరెంటు లేక కొవ్వొత్తులతో చచ్చాం. గుర్తుండదా?"

"దేశం మొత్తం వారానికి మూడు రోజులే పనిచేసింది. రాజు లేదు, పేద లేదు. ఎవరినైనా పార్ట్ టైమన్నారా?"

"అది వేరు."

"ఏం వేరు?"

లెన్ ఆలోచించాడు. "అప్పుడు అందరం కదా," అన్నాడు.

"అదే చెప్పబోతున్నాను. నలభై మంది పోవడం బదులు, ఆర్డర్లు వచ్చేదాకా అందరం నాలుగు రోజులు చేద్దాం. ఒక్కరు కూడా పోనక్కర్లేదు. అలా చేసిన చోట్ల సర్కారు కొంత జీతం కూడా ఇస్తోందట. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆవిడ కాగితం చూపించింది."

"నాకు ఒక రోజు జీతం పోతుంది!"

"నీకు ఒక రోజు పోతుంది. నాకు అయిదు రోజులు పోతున్నాయి. ఇల్లు ఒకటే."

లెన్ వేళ్ళు మడిచాడు. నాలుగూ నాలుగూ ఎనిమిది. అయిదూ సున్నా అయిదు. ఇంకోసారి మడిచాడు. రెండోసారి కూడా అంతే వచ్చింది.

"మావాళ్ళు ఒప్పుకోరు," అన్నాడు. ఒప్పుకున్నవాడిలాగే అన్నాడు.

మంగళవారం నోరా మళ్ళీ ఎథరిజ్ గదికి వెళ్ళింది. రేపు రెండింటికి యూనియను మీటింగుకి వెళ్ళాలని, అనుమతి ఇవ్వమని అడిగింది. తనతో పాటు మరో ముప్పై తొమ్మిది మంది.

"పనివేళల్లోనా? కుదరదు మిసెస్ మేచిన్. అయినా రెండింటికి అందరూ పనిలో ఉంటారు. ఆ టైములో మీటింగెలా జరుగుతుంది?"

"నాకూ అదే అర్థం కాలేదు సార్. బట్టీవాళ్ళు మూడున్నర దాకా లోపలే ఉంటారుగా."

ఎథరిజ్ బల్ల మీద పెన్ను సర్దాడు. "తప్పకుండా."

"మరి మేడ మీద ఎవరుంటారో అని. వెళ్ళి చూసొస్తాం. ఎవరూ లేకపోతే వెంటనే వచ్చేస్తాం. ఉంటే, వాళ్ళ పేర్లు రాసుకొచ్చి మీకిమ్మంటారా?"

 ఎథరిజ్ తెలివితక్కువవాడు కాదు. బట్టీ ఆనవాయితీ జోలికి వెళితే ఇరవై ఇద్దరూ ఆ మధ్యాహ్నమే బట్టీ చల్లార్చేస్తారని, ఒకసారి చల్లారిన బట్టీ మళ్ళీ వేడెక్కడానికి వారం పడుతుందని ఆయనకి తెలుసు.

"పేర్లేమీ అక్కర్లేదు," అన్నాడు చివరికి. "రేపు రెండింటికి మీటింగనేది ఏదీ లేదు. లేని మీటింగుకి మీరు వెళ్ళడమూ ఉండదు. మూడింటికల్లా పీటల దగ్గర ఉండండి."

బుధవారం రెండింటికి అయిదు నిమిషాల ముందు గీతల గదిలో పీటలన్నీ ఒకేసారి ఆగాయి. నలభై మంది ఆడవాళ్ళు, రంగు మరకల ఏప్రన్లతోనే, చేతులకి టర్పెంటైను వాసనతోనే, గేటు దాటి పబ్బు మేడ మెట్లెక్కారు. నలభై ఒకటోది బెరిల్. పిలవకుండానే వచ్చింది.

"నీకు సెలవెవరిచ్చారు?" అంది నోరా మెట్ల మీద.

"ఎవరూ ఇవ్వలేదు. నన్ను తీసేస్తారో లేదో చూడటానికి నేను కూడా లేకపోతే బాగుండదని."

పైన పొగ, బీరు గ్లాసులు, ఇరవై ఆరుగురు మగవాళ్ళు. ఆడవాళ్ళు లోపలికి వస్తూనే ఉన్నారు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. బట్టీవాళ్ళు ఒకరొకరుగా గ్లాసులు బల్ల కింద పెట్టారు. ఎందుకు పెడుతున్నారో వాళ్ళకే తెలియదు.

"మీకు పని లేదా?" అన్నాడు వెనక నుంచి ఒకతను.

"ఉంది. మీకు?" అంది అతని పెళ్ళాం, రెండో వరసలోంచి.

విల్ఫ్ సుత్తి కొట్టాడు. నోరా తీర్మానం ఉందన్నాడు, పార్ట్ టైము ముక్క కొట్టేయాలన్నదనుకుంటానన్నాడు. నోరా లేచింది. మీటింగులో మాట్లాడటం ఆమెకి అదే మొదలు. ఊపిరి బిగబట్టింది, అలవాటు కొద్దీ.

"అది రాశాను కానీ ఇవ్వలేదు. అది నెగ్గితే నేనుంటాను, బెరిల్ పోతుంది. అది వద్దు. నా తీర్మానం వేరు. ఎవరినీ తీయకూడదు. ఆర్డర్లు వచ్చేదాకా అందరం నాలుగు రోజులు పనిచేయాలి. మేనేజరుతో సహా."

గది గోలెత్తింది. బట్టీవాళ్ళలో పెద్దవాడు ఆల్బర్ట్ లేచి, నలభై ఏళ్ళుగా ఫుల్ టైము చేస్తున్నానని, ఈ వయసులో తనని పార్ట్ టైము చేస్తే ఊళ్ళో తలెత్తుకోలేనని అన్నాడు.

"నాలుగు రోజులంటే ముప్పై రెండు గంటలు, ఆల్బర్ట్," అంది నోరా. "నువ్విప్పుడు ఎన్ని చేస్తున్నావో నేనడగను."

ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళు కూడా కొందరు నవ్వారు, ఆ తర్వాత ఎందుకు నవ్వామా అన్నట్టు చూసుకున్నారు. ఆల్బర్ట్ కూర్చున్నాడు. మనసులో లెక్క వేస్తున్నట్టు పెదాలు కదులుతున్నాయి.

విల్ఫ్ నెమ్మదిగా చెప్పాడు. ఈ గదిలో ఆడవాళ్ళ చేతులే ఎక్కువ, తీర్మానం ఎలాగూ నెగ్గుతుంది. కానీ బట్టీవాళ్ళు కాదంటే ఆఫీసులో దానికి విలువుండదు. బట్టీ ఒప్పుకోని మాట ఆ ఫ్యాక్టరీలో ఏదీ నడవలేదు. అది బెదిరింపు కాదు, నిజం. అందరూ బట్టీవాళ్ళ వైపు చూశారు.

అప్పుడు లెన్ లేచాడు. పావురాల పందెం ఫలితాలు తప్ప పది మందిలో ఎప్పుడూ మాట్లాడనివాడు.

"మా ఇంటి లెక్క చెబుతాను. నాలుగూ నాలుగూ ఎనిమిది. అయిదూ సున్నా అయిదు." అంతే అని కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "అక్టోబరులో నేను చెయ్యెత్తింది మా ఆవిడ మీద. తెలియక ఎత్తాను. మీలో ఇంకో పదమూడు మంది కూడా."

పదమూడు మంది ఎవరో ఎవరూ అడగలేదు. పదమూడు మంది ఆడవాళ్ళు గోడ దగ్గర నుంచి చూస్తున్నారు.

"సరే," అన్నాడు విల్ఫ్. "ఒప్పుకునేవాళ్ళు."

ఆడవాళ్ళ చేతులు లేచాయి. బెరిల్ చెయ్యి అందరికన్నా ముందు లేచింది. లెన్ ఎత్తాడు. కాసేపటికి ఒకటి, ఇంకొకటి. ఆల్బర్ట్ చుట్టూ చూసి, గ్లాసు ఎత్తినట్టుగా సగం ఎత్తాడు.

"అది చెయ్యేనా, ఆల్బర్ట్?"

"చెయ్యే. రాసుకో."

అరవై ఏడు మందిలో అరవై ఒకటి. బట్టీవాళ్ళలో పద్దెనిమిది. మూడింటికి పది నిమిషాలుండగా పీటలు మళ్ళీ తిరుగుతున్నాయి.

గురువారం పొద్దున విల్ఫ్ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకి బయల్దేరాడు. నోరాని కూడా రమ్మన్నాడు. ఎథరిజ్ బల్ల ముందు ఒకటే కుర్చీ ఉంది. విల్ఫ్ అలవాటుగా కూర్చోబోయి, ఆగి, ఆ కుర్చీని నోరా వైపు జరిపాడు. నోరా కూర్చుంది.

ఎథరిజ్ రెండుసార్లు చదివాడు. "నాలుగు రోజులంటే, ఫ్యాక్టరీ మొత్తం పార్ట్ టైమైపోదూ?"

విల్ఫ్ నోరా వైపు చూశాడు. 

"అవుతుంది సార్," అంది నోరా. "తీసేస్తామన్న నలభై మందీ మాత్రం ఉంటారు."

సర్కారు ఇచ్చే సాయం కాగితాన్ని ఆమె బల్ల మీద పెట్టింది. కాగితం చూశాక ఆయన ముఖం కొంచెం తేలికపడింది. మనుషుల కోసం కుదరనివి చాలా వరకు కాగితాల కోసం కుదురుతాయి. పైవాళ్ళతో మాట్లాడాలని రెండు రోజులు గడువడిగాడు, అయిదు రోజులు తీసుకున్నాడు. మంగళవారం ఒప్పుకున్నాడు, ఆరు నెలలకి. ఆ తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్ళో ఆ ఏడాది ఆరు నెలలంటే చాలా కాలం.

బుధవారం పొద్దున నోటీసు బోర్డు మీద నలభై పేర్ల కాగితం లేదు. తీసేసినట్టు ఎక్కడా రాయలేదు.

గీతల గదిలో బెరిల్ కుంచె ముంచుతూ అడిగింది: "ఇక శుక్రవారాలు సెలవేగా. ఏం చేస్తావు?"

నోరా కప్పు పీట మీద సరిగ్గా మధ్యలో పెట్టి, వేలితో తట్టి చూసింది.

"లెన్‌ని వాళ్ళమ్మ దగ్గరికి పంపించి," అంది, "పడుకుంటాను."